నడిపించే రోబో కంటే ముందు నడక నేర్పే మనిషి కావాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు, దివ్యాంగుల సంక్షేమ శాఖల అధికారులకు, ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టుల నిర్వాహకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులకు నమస్కారం.

నేను ఫిజియోథెరపిస్టును. పక్షవాతం వచ్చినవారికీ, వెన్నుపాము దెబ్బతిన్నవారికీ మళ్లీ కూర్చోవడం, లేచి నిలబడటం, వీలైతే నడవడం నేర్పించడం నా వృత్తి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఒప్పంద పద్ధతిపై కొంతకాలం, ఆ తరువాత హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు పునరావాస కేంద్రంలో పనిచేశాను. నడుముకూ కాళ్లకూ తొడిగి, మోటార్ల సాయంతో మనిషిని నడిపించే రోబోను, అంటే ఎక్సోస్కెలిటన్‌ను, నా చేతులతో రోగులకు బిగించిన అనుభవం ఆ రెండో చోట కలిగింది. అది చేయగలిగిన మేలును కళ్లారా చూసినవాడిని కనుక ఈ లేఖ ఆ యంత్రానికి వ్యతిరేకంగా రాస్తున్నది కాదని ముందే మనవి చేస్తున్నాను.

రోబోటిక్ పునరావాసం అన్న మాట ఇప్పుడు పెద్ద ఆసుపత్రుల హోర్డింగుల మీదికి వచ్చింది. మ్యాన్‌హోళ్లు శుభ్రం చేసే బ్యాండికూట్ రోబోతో పేరు తెచ్చుకున్న కేరళ సంస్థ జెన్‌రోబోటిక్స్ జీ-గైటర్ అనే నడక శిక్షణ యంత్రాన్ని తయారుచేయగా, అక్కడి ప్రభుత్వం దాన్ని తిరువనంతపురం జనరల్ ఆసుపత్రిలో నెలకొల్పింది. అలాంటి ప్రతిపాదన మన రెండు రాష్ట్రాల సచివాలయాలకూ నేడో రేపో వస్తుంది; ఇప్పటికే ఏ అధికారి బల్ల మీదో ఉన్నా ఆశ్చర్యం లేదు. టెండరు పిలిచి, రిబ్బను కత్తిరించిన తరువాత చెప్పే మాటను ఎవరూ వినరు కనుక ముందుగానే రాస్తున్నాను. నా విన్నపం ఇది: ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిన రోగికి అందవలసిన శిక్షణ గంటలకు మొదట డబ్బు కేటాయించండి, ఆ గంటలకు మనిషి, చోటు, లెక్క ఏర్పడిన దగ్గర మాత్రమే యంత్రం కొనండి.

ఈ యంత్రాలన్నీ ఒక రకం కావు, కొనుగోలు కాగితాల్లో మాత్రం అన్నీ ఒకే పేరు కింద కలిసిపోతుంటాయి. ఒక రకం నేలకు బిగించి ఉంటుంది. రోగి బరువును పైనుంచి పట్టీలతో మోస్తూ, కింద ట్రెడ్‌మిల్ తిరుగుతుండగా కాళ్లను యంత్రమే ఆడిస్తుంది. స్విట్జర్లాండ్‌కు చెందిన లోకోమాట్ ఈ కోవలోది. మరో రకాన్ని ఒంటికి తొడుక్కుని నేల మీద నడుస్తారు. ఇజ్రాయెల్‌లో పుట్టిన రీవాక్, అమెరికాలో తయారైన ఎక్సో, ఇండెగో ఇటువంటివి. రీవాక్ వేసుకున్న మనిషి చంకకర్రల ఆసరాతో ఒళ్లు కాస్త ముందుకు వంచితే సెన్సర్లు ఆ వంపును పసిగట్టి అడుగు వేయిస్తాయి. జపాన్‌లోని సుకుబా విశ్వవిద్యాలయంలో యోషియుకి సంకాయ్ రూపొందించిన హాల్ అనే యంత్రం పద్ధతి వేరు. కాలు కదపాలని రోగి ప్రయత్నించినప్పుడు చర్మం మీద అందే బలహీనమైన విద్యుత్ సంకేతాలను అది చదివి, ఆ ప్రయత్నానికి బలం చేకూరుస్తుంది. జపాన్ ప్రభుత్వం దీన్ని 2015లో ఎనిమిది రకాల నరాల, కండరాల వ్యాధులకు వైద్య పరికరంగా అనుమతించి, మరుసటి ఏడాది బీమా పరిధిలోకి తీసుకువచ్చింది. ఏ వ్యాధి ఉన్నవారికి అన్నది తేల్చుకున్న తరువాతే అక్కడ ప్రజాధనం కదిలింది.

రీవాక్‌ను తయారుచేసిన ఇంజినీరు అమిత్ గోఫర్ కథ ఈ సందర్భంలో గుర్తు చేయక తప్పదు. 1997లో జరిగిన వాహన ప్రమాదంలో ఆయన మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని, కాళ్లతోపాటు చేతుల పట్టు కూడా పోయింది. చక్రాల కుర్చీ నుంచే ఆయన ఈ యంత్రాన్ని ఊహించి, కంపెనీ స్థాపించారు. 2014 జూన్‌లో దానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ అనుమతి వచ్చింది. ఇంటి వాడకానికి అక్కడ అనుమతి పొందిన మొదటి ఎక్సోస్కెలిటన్ అదే. అయితే చంకకర్రలు పట్టుకోవడానికి చేతుల్లో బలం ఉండాలి కనుక తాను కనిపెట్టిన యంత్రంతో ఆయన నడవలేకపోయారు. యంత్రం ఎంత గొప్పదన్న ప్రశ్న కంటే అది ఎవరి ఒంటికి సరిపోతుందన్న ప్రశ్న ముందుది. ఆ ప్రశ్న దాని సృష్టికర్తనే వదల్లేదు.

రోగికి ఈ యంత్రం బిగించే పని ఎలా ఉంటుందో ఫైలు చూసే అధికారులకు తెలిసే అవకాశం తక్కువ కనుక కొంత వివరంగా చెబుతాను. ముందుగా తొడ పొడవు, మోకాలి నుంచి మడమ వరకు పొడవు, కటి వెడల్పు టేపుతో కొలిచి, ఆ కొలతలకు యంత్రం కడ్డీలను సరిచేయాలి. రోగి మోకాలి కీలు, యంత్రం కీలు ఒకే గీత మీద ఉండాలి. వేలెడు తేడా వచ్చినా అడుగడుగుకూ పట్టీ చర్మాన్ని ఒరుసుకుంటుంది. స్పర్శ లేని కాలు కనుక ఆ రాపిడి రోగికి తెలియదు. మంచం మీదే నెలలు గడిపినవారిని నిలబెట్టగానే బీపీ పడిపోయి కళ్లు బైర్లు కమ్ముతాయి, అందుకని కాసేపు నిలబెట్టి, చూసి, మళ్లీ కూర్చోబెట్టాలి. నడక ముగిసి యంత్రం విప్పాక మడమలు, పిక్కలు, కటి ఎముకల మీది చర్మాన్ని వేలితో నొక్కి చూస్తాం. వేలు తీసిన తరువాత కూడా ఎరుపు అలాగే నిలిచి ఉంటే మర్నాడు యంత్రం వేయం, ఎందుకంటే ఆ ఎరుపే నిర్లక్ష్యం చేస్తే పుండవుతుంది. గంట సెషన్‌లో ఇదంతా పోగా అరగంట నడక మిగిలితే ఆ రోజు పని బాగా సాగినట్టే. ఇంత పనికీ ఒక శిక్షణ పొందిన థెరపిస్టు, ఒక సహాయకుడు తప్పనిసరి. సిబ్బందిని తగ్గించుకోవచ్చన్న లెక్కతో ఎవరైనా మీకు ఈ యంత్రాన్ని అమ్మజూపితే ఆ లెక్క తప్పని నిస్సంకోచంగా చెప్పవచ్చు.

కొలతల సంగతి వచ్చింది కనుక మన ఆడవాళ్ల గురించి కూడా చెప్పాలి. రీవాక్ 160 నుంచి 190 సెంటీమీటర్ల ఎత్తున్నవారికి ఉద్దేశించినది. భారతీయ మహిళ సగటు ఎత్తు దాదాపు 152 సెంటీమీటర్లు. అంటే ఆ యంత్రం తయారైన రోజునే మన ఆడవాళ్లలో ఎక్కువమంది దాని పట్టికలో లేరు. నేను పనిచేసిన కేంద్రంలో ఉన్నది వేరే కంపెనీ యంత్రం, అది కొంత నయం. అయినా పత్తి చేలో పనిచేసే ఒక తల్లికి కడ్డీలను చిట్టచివరి రంధ్రం దాకా తగ్గించి, నడుము దగ్గర తువ్వాలు మడిచి పెడితే గానీ బిగువు కుదరలేదు. తువ్వాలు జారిన ప్రతిసారీ ఆగి సర్దుకోవలసి వచ్చేది. ఆమె మాత్రం ఆ అవస్థను లెక్కచేయకుండా, ఆ కాసేపైనా ఎదుటివాళ్ల కళ్లలోకి నిలబడి చూసి మాట్లాడుతున్నానని సంతోషపడేది. ఆ సంతోషం విలువ నాకు తెలుసు. ఆ విలువను టెండరు పత్రంలో రాయించాలంటే కొలతలు రాయించాలి.

ఇక ఈ యంత్రాలు ఎంత మేలు చేస్తాయన్న విషయంలో ప్రపంచంలో పెద్ద పరీక్షలే జరిగాయి, వాటి ఫలితాలు అమ్మకపు కరపత్రాల్లో కనిపించవు. పక్షవాత రోగుల నడకపై యంత్రాల సాయంతో ఇచ్చే శిక్షణను, వైద్య పరీక్షల ఫలితాలన్నిటినీ ఒకచోట చేర్చి తూచి చూసే కాక్రేన్ సంస్థ 2020లో సమీక్షించింది. 62 పరీక్షలు, 2,440 మంది రోగులు అందులో ఉన్నారు. ఫిజియోథెరపీకి యంత్రాన్ని జోడించినప్పుడు, ఒకరి ఆసరా లేకుండా నడవగలిగే స్థితికి చేరే అవకాశం పెరుగుతుందని ఆ సమీక్ష తేల్చింది. ఆ మేలు ఎక్కువగా అందేది పక్షవాతం వచ్చి మూడు నెలలు దాటనివారికి, అప్పటికి అసలు నడవలేకపోతున్నవారికి. ఇప్పటికే ఎంతో కొంత నడుస్తున్నవారికి యంత్రం వల్ల కలిగే అదనపు ప్రయోజనం స్వల్పం. ఇక్కడ నేను ప్రత్యేకంగా గుర్తు చేయదలచినది "జోడించినప్పుడు" అన్న షరతు. ఫిజియోథెరపీ బదులు యంత్రం అని ఆ సమీక్ష ఎక్కడా చెప్పలేదు.

దీనికి మరో వైపు కూడా ఉంది. 2011లో అమెరికాలో 408 మంది పక్షవాత రోగులతో లీప్స్ అనే పరీక్ష జరిగింది. కొందరికి బరువును పట్టీలతో మోస్తూ ట్రెడ్‌మిల్ మీద నడక నేర్పారు, కొందరికి థెరపిస్టు ఇంటికే వెళ్లి బలాన్నీ, ఒంటి నిలకడనూ పెంచే వ్యాయామాలు చేయించారు. ఏడాది తరువాత చూస్తే రెండు వర్గాల నడక దాదాపు ఒకే స్థాయిలో మెరుగుపడింది. అందులో వాడినది రోబో కాకపోయినా, ఖరీదైన ఏర్పాటుకు, ఇంటి ముంగిట జరిగే పనికి మధ్య తేడా ఎంతన్నది ఆ పరీక్ష చూపించింది. చేతి విషయంలో బ్రిటన్‌లో 770 మందితో జరిగిన రాటుల్స్ పరీక్ష ఫలితాలు 2019లో వెలువడ్డాయి. రోబోతో శిక్షణ పొందినవారి చేతి పనితనం మామూలు చికిత్స పొందినవారి కంటే మెరుగ్గా లేదని అది చెప్పింది. ఈ ఫలితాలు చూపి రోబో వద్దని నేను అనను. ఒక థెరపిస్టు చేతులతో రోజుకు వేయించగలిగిన అడుగుల కంటే యంత్రం ఎన్నో రెట్లు ఎక్కువ వేయిస్తుంది; పూర్తిగా చచ్చుబడిన కాళ్లతో భారీగా ఉన్న మనిషిని ఇద్దరు ముగ్గురు పట్టుకుని నడిపించడం ఎంత కష్టమో, థెరపిస్టుల నడుములు ఎలా పోతాయో ఆ పని చేసినవారికే తెలుసు. కానీ సరైన రోగిని, సరైన సమయంలో, తగినన్ని రోజులు యంత్రం మీదికి తెచ్చినప్పుడే ఆ అడుగులకు ఫలితం ఉంటుంది. మన దగ్గర తెగిపోతున్నది సరిగ్గా ఆ సమయమే.

మన ఊళ్లలో పక్షవాతం వచ్చిన మనిషి ప్రయాణాన్ని ఒకసారి చూడండి. 108 వస్తుంది, పెద్దాసుపత్రిలో చేర్పిస్తారు, పథకం కింద వైద్యం జరుగుతుంది, ప్రాణం నిలుస్తుంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన నాటి నుంచి పథకం ఎన్నో పేద ప్రాణాలను కాపాడిందన్నది కాదనలేని నిజం. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితిని 10 లక్షల రూపాయలకు పెంచారు కూడా. అయితే డిశ్చార్జి చీటీలో చివరి వరుసగా "ఫిజియోథెరపీ చేయించుకోవాలి" అని రాసి పంపిన తరువాత ఏమి జరుగుతుంది? నా దగ్గరికి వచ్చిన రోగులలో ఎక్కువమందికి ఆ చీటీతోనే అండ ముగిసింది. మండల కేంద్రంలో థెరపిస్టు ఉండడు, జిల్లా ఆసుపత్రికి ఆటో మాట్లాడుకుని రోజూ రావడం కూలి మానుకుంటే గానీ సాధ్యం కాదు, వచ్చినా ఉన్న ఒకరిద్దరు థెరపిస్టుల ముందు వరుస. మెదడు కొత్త దారులు వెతుక్కోవడానికి అనువైన తొలి మూడు నెలలు మంచం మీదే గడిచిపోతాయి. ఆరో నెలలో, ఎనిమిదో నెలలో మడమ బిగుసుకుపోయి, చేయి ముడుచుకుపోయి వచ్చినవారికి ప్రపంచంలోని ఏ రోబో కూడా ఆ పోయిన నెలలను తిరిగి ఇవ్వలేదు. బిగుసుకుపోయిన కీలు ఉన్నవారికి అసలు ఆ యంత్రాన్ని తొడగనే కూడదు.

వెన్నుపాము దెబ్బతిన్నవారి సంగతి ఇంకా కష్టం. తాటిచెట్టు మీదినుంచి పడిన గీత కార్మికులు, కట్టడాల మీదినుంచి పడిన మేస్త్రీలు, బండ్ల ప్రమాదాల్లో గాయపడిన కుర్రవాళ్లు వీరిలో ఉన్నారు. చెట్టు మీదినుంచి పడకుండా 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కిట్ల పంపిణీ మొదలుపెట్టడం ఎంతో మెచ్చుకోదగిన పని. అప్పటికే పడినవారి గతి ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంది. వీరికి మొదటి శత్రువు నడవలేకపోవడం కాదు. ఒత్తిడి పుండ్లు, మూత్రనాళ ఇన్ఫెక్షన్లు, వాటి వెంట వచ్చే జ్వరాలు, కిడ్నీ సమస్యలు వీరిని తీసుకుపోతాయి. రెండు గంటలకు ఒకసారి పక్కకు తిప్పాలన్న సంగతిని, శుభ్రమైన గొట్టంతో వేళకు మూత్రం తీసుకోవడం ఎలాగో ఇంట్లోవాళ్లకు ఓపిగ్గా నేర్పే మనిషి ఒక్కరుంటే చాలామంది బతికి ఉండేవారు. పుండు ఉన్నవారికి యంత్రం తొడగరు. ఎముకలు గుల్లబారినవారికి, గుల్లబారాయేమో తెలియనివారికి కూడా తొడగరు, నడిపించబోతే విరగవచ్చు కనుక. అంటే పుండు పడకుండా చూసే నర్సు, ఎముకల సాంద్రత చూసే పరీక్ష, కీళ్లు బిగుసుకోకుండా కదిపే థెరపిస్టు లేని చోట రోబో తెచ్చిపెట్టడం ఎద్దులు లేకుండా నాగలి కొన్నట్టే.

ఇంటికి ఒక యంత్రం చొప్పున ఇస్తామని ఏదో ఒక రోజు ఒక రాజకీయ హామీ రాకపోదు. ఆ మాట పుట్టక ముందే దాని లోతుపాతులు చూడటం మంచిది. నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక గీత కార్మికుడు యంత్రంలో నాలుగు అడుగులు వేసి, చెమట తుడుచుకుంటూ నన్ను అడిగాడు: "సారూ, గీ మిషిని ఇంటికిస్తే మా బాట మీద నడుస్తదా? మా మొరం బాటల చక్రాల కుర్చీయే దిగబడ్తది." ఆయన అడిగిన దానికి జవాబు, నడవదు. ఇలాంటి యంత్రాల సగటు వేగం సెకనుకు పావు మీటరు దగ్గర ఉంటుంది. గడపలు, మెట్లు, తడి నేల, వాలు, గతుకులు దానికి అడ్డంకులు. వీటిలో కొన్నింటి బరువు ఇరవై కిలోలకు పైమాటే. తొడిగి, విప్పి, పక్కన నడవడానికి శిక్షణ పొందిన తోడు మనిషి ఎప్పుడూ ఉండాలి. అమెరికాలో వెన్నుపాము దెబ్బతిన్న 161 మంది మాజీ సైనికులతో జరిపిన పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. ఇంట్లో చక్రాల కుర్చీతోపాటు ఎక్సోస్కెలిటన్ కూడా ఉన్నవారికీ, చక్రాల కుర్చీ మాత్రమే ఉన్నవారికీ మధ్య మానసిక ఆరోగ్యంలో గానీ, మూత్ర, మల విసర్జనకు సంబంధించిన బాగోగుల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. చదునైన ఇళ్లు, ర్యాంపులు, చదునైన దారులు ఉన్న దేశంలో వచ్చిన ఫలితం అది.

ధర కూడా చూడండి. అమెరికాలో వృద్ధులకు, దివ్యాంగులకు వైద్య ఖర్చు భరించే మెడికేర్ పథకం 2024లో ఒక్కో రీవాక్‌కు 91,032 డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. నాటి మారకం రేటులో అది సుమారు 75 లక్షల రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 2024 జులై నుంచి నెలకు 15,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. దేశంలోనే చెప్పుకోదగ్గ మొత్తం అది. ఆ లెక్కన ఒక్క యంత్రం ధరతో ఒక మనిషికి నలభై ఏళ్లకు పైగా ఆ పింఛను ఇవ్వవచ్చు. తెలంగాణలో దివ్యాంగుల పింఛను 4,016 రూపాయలు. అక్కడ ఈ లెక్క వేయడానికి నాకు మనసొప్పడం లేదు.

కొన్నంత మాత్రాన ఖర్చు ముగియదు. 2024లో అమెరికాలోనే ఒక మాజీ గుర్రపు పందేల రౌతు వాడుతున్న ఎక్సోస్కెలిటన్ హఠాత్తుగా ఆగిపోయింది. యంత్రాన్ని నడిపే చేతి గడియారం బ్యాటరీకి సంబంధించిన ఒక చిన్న తీగ ఊడటం దానికి కారణం. అయిదేళ్లు దాటిన యంత్రాలను బాగు చేయబోమని కంపెనీ చెప్పడంతో ఆయన మళ్లీ కుర్చీకే పరిమితమయ్యారు. విషయం పత్రికలకెక్కి, నలుగురూ ప్రశ్నించాక గానీ మరమ్మతు జరగలేదు. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో పాడైన స్కానింగ్ యంత్రాలు నెలల తరబడి మూలన ఉండిపోవడం మీకు తెలియని సంగతి కాదు. విడిభాగం జ్యూరిక్ నుంచో, కాలిఫోర్నియా నుంచో రావలసిన రోబో విషయంలో ఆ నెలలు ఏళ్లవుతాయి.

అలాగని దారి లేకపోలేదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల నుంచి మనవాళ్లు వైద్యం కోసం వెళ్లే వెల్లూరు సీఎంసీ ఆసుపత్రినే తీసుకోండి. అక్కడి వైద్యురాలు మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని, చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. న్యూయార్క్ వెళ్లి పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి ఆ విభాగాన్ని నిలబెట్టారు. 1966లో అక్కడ మొదలైన పునరావాస సంస్థలో రోగిని కూర్చోబెట్టడం నుంచి వంట చేసుకోవడం, ఊళ్లో తిరగడం దాకా నేర్పి పంపే పద్ధతి పెరిగింది. అంత బలమైన పునాది ఉన్న చోట ఇప్పుడు యంత్రాలు కూడా పుడుతున్నాయి. సీఎంసీ, ఐఐటీ మద్రాస్ కలిసి చేతికి శిక్షణ ఇచ్చే ప్లూటో అనే చిన్న రోబోను తయారుచేశాయి. బల్ల మీద పెట్టుకుని వాడుకోదగినది, ఇంటికీ తీసుకువెళ్లదగినది. మన దగ్గర ఐఐటీ హైదరాబాద్ ప్రాంగణంలో ఎదిగిన బీఏబుల్ హెల్త్ సంస్థ ఆటల రూపంలో చేతికి వ్యాయామం చేయించే ఆర్మ్‌ఏబుల్‌ను రూపొందించింది. విశాఖపట్నంలో వైద్య పరికరాల తయారీకి 270 ఎకరాల్లో మెడ్‌టెక్ జోన్ ఉంది. ఈ వనరులన్నీ మన చేతి దూరంలోనే ఉన్నాయి, వీటికి ఇంతవరకు లేనిదల్లా నమ్మకంగా కొనుగోలు చేసే ప్రభుత్వ పునరావాస వ్యవస్థ.

కనుక నేను కోరేవి ఇవి. పక్షవాతం, వెన్నుపాము గాయం, తల గాయం ఉన్నవారికి డిశ్చార్జి తరువాతి మూడు నెలల పునరావాసాన్ని శస్త్రచికిత్స మాదిరిగానే ప్యాకేజీగా రెండు పథకాల్లోనూ చేర్చండి. దాన్ని పరికరం పేరుతో కాక శిక్షణ గంటల లెక్కన చెల్లించండి, అప్పుడు యంత్రంతో ఇచ్చినా, రెండు పక్కలా పట్టుకుని నడిచే కడ్డీల (ప్యారలల్ బార్ల) మధ్య చేత్తో పట్టుకుని ఇచ్చినా గంటకు గంటే లెక్కవుతుంది, అనవసరంగా రోబో ఎక్కించి బిల్లు పెంచే అవకాశం ఎవరికీ ఉండదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016లోని 25వ సెక్షన్ వైద్యం సమీపంలో, ముఖ్యంగా గ్రామాల్లో అందాలంటోంది, 27వ సెక్షన్ పునరావాసాన్ని ప్రభుత్వాల బాధ్యతగా చెబుతోంది. కాబట్టి ఇది కొత్త కోరిక కాదు. సదరం క్యాంపుకు వచ్చి గంటల తరబడి వరుసలో నిలబడినవారికి, నిలబడలేక మోసుకురాబడినవారికి, మనం వైకల్యం ఎంత శాతమో కొలిచి సర్టిఫికెట్ ఇస్తున్నాం. అదే రోజు, అదే చోట ఒక థెరపిస్టు ఆ మనిషిని చూసి, ఏది బాగుపడగలదో, ఎక్కడికి వెళ్లాలో రాసి ఇచ్చే ఏర్పాటు కూడా చేయండి. దీనికి రోబో అక్కరలేదు, ఒక కుర్చీ, బల్ల, మనిషి చాలు.

ఎక్సోస్కెలిటన్లను కొనదలిస్తే ముందుగా రెండు రాష్ట్రాల్లోనూ పునరావాస వైద్య విభాగం నిజంగా పనిచేస్తున్న బోధనాసుపత్రుల్లో మాత్రమే, వేళ్ల మీద లెక్కించదగినన్ని చోట్ల పెట్టండి. దూరం నుంచి వచ్చే రోగికీ, వెంట వచ్చే మనిషికీ అక్కడే కొన్ని వారాలు ఉండేందుకు వసతి కల్పించండి, లేకపోతే ఆ యంత్రం ఆ నగరంలో ఉన్నవారిదే అవుతుంది. జిల్లా ఆసుపత్రులకు పైకప్పు పట్టాకు వేలాడే భద్రతా పట్టీలు, నిలబెట్టే బల్లలు, చేతికి వాడే చిన్న రోబోలు పంపితే చాలు. టెండరులో 145 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికీ సరిపోవాలన్న షరతు, కనీసం పదేళ్లు విడిభాగాలు, మరమ్మతు దేశంలోనే అందాలన్న షరతు, కంపెనీ మూతపడితే మరొకరు బాగు చేయగలిగేలా సాంకేతిక పత్రాలు ప్రభుత్వానికి అప్పగించాలన్న షరతు ఉండాలి. యంత్రం మాట్లాడే భాష తెలుగు కావాలి. అడుగు ఎప్పుడు వేయాలో ఇంగ్లిష్‌లో పలికే యంత్రం ముందు బిక్కమొహం వేసిన పెద్దవాళ్లను నేను చూశాను. ఎంతమందికి వాడారు, యంత్రం ఎన్ని రోజులు మూలనపడి ఉంది, పది మీటర్ల నడకకు మొదట ఎంత సమయం పట్టింది, చివరికి ఎంత పట్టింది, ఎంతమంది ఆసరా లేకుండా నడవగలిగారు అన్న వివరాలు ప్రతి ఏడాదీ పేర్లు లేకుండా ప్రకటించాలి. ఫలితం రాకపోతే రాలేదని చెప్పే ధైర్యం కూడా ఆ ప్రకటనలో ఉండాలి.

ఇంటి వాడకానికి ఎక్సోస్కెలిటన్ పంపిణీ పథకం మాత్రం ప్రస్తుతానికి పెట్టవద్దని గట్టిగా కోరుతున్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రకటించిన 50 ప్రాధాన్య సహాయక పరికరాల పట్టికలో చక్రాల కుర్చీలు, ఒత్తిడి తగ్గించే దిండ్లు, కాలిపర్లు, చేతికర్రలు ఉన్నాయి. మన శిబిరాల్లో అందరికీ ఒకే కొలతలో ఇచ్చే కుర్చీ బదులు, మనిషిని కొలిచి, సరైన దిండుతో, గతుకుల దారికి తట్టుకునే చక్రాలతో కుర్చీ ఇస్తే ఆ గీత కార్మికుడు రేపటి నుంచే బయటికి రాగలడు.

ఈ పనుల్లో అన్నిటికంటే ముందు చేయదగినది, పైసా ఖర్చు లేనిది ఒకటుంది. ప్రతి జిల్లా, ఏరియా ఆసుపత్రిలో మంజూరైన ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే నిపుణుడు) పోస్టులెన్ని, వాటిలో భర్తీ అయినవెన్ని, ఒప్పంద పద్ధతిలో ఉన్నవెన్ని, వారికి జీతం చివరిసారి ఏ నెలలో అందింది అన్న పట్టికను రెండు శాఖలూ తమ వెబ్‌సైట్లలో ఉంచాలి. యంత్రాల కొనుగోలు ప్రతిపాదన ఏదైనా మంత్రివర్యుల ముందుకు వచ్చినప్పుడు ఆ పట్టికను కూడా ఫైలుకు జతచేయించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు
భవదీయుడు,
ఒక ఫిజియోథెరపిస్టు, హనుమకొండ